పలక మీద కవలలు

తీస్సా నది ఒడ్డున, చేపల పులుసుకి పేరుమోసిన హోటల్లో, ఎండ నడినెత్తి మీద ఉండగా స్తోయన్‌ని చంపారు. చంపుతున్నారని ఆ క్షణంలో అక్కడెవరికీ తెలీదు. ఎదురు కుర్చీలో కూచున్న హాల్మోష్ ఆర్పాద్‌కి కూడా తెలీదు.

హంగరీ గూఢచారి శాఖ మనిషి ఆర్పాద్ ఆ రోజు మిరపపొడి వ్యాపారి వేషంలో ఉన్నాడు. బొజ్జకి దిండు కట్టాడు, పెదవి మీద బుర్రమీసం అంటించాడు, గోళ్ళ సందుల్లోకి నిజం కారమే ఎక్కించుకున్నాడు. బల్లల మధ్య నుంచి నడిచొచ్చి, టోపీ తీసి అడిగాడు.

“ఈ ఏడు పంటకి రంగు తక్కువటగా?”

“రంగుదేముందండీ, నాలిక మీద పెట్టుకుంటే తెలుస్తుంది సంగతి,” అన్నాడు స్తోయన్.

కోడ్ మాటలు సరిపోయాయి. ఆర్పాద్ కూచున్నాడు.

స్తోయన్ లారీ డ్రైవరు. సరిహద్దుకి అవతల, యుగోస్లావియా ముక్కలై రగులుతున్న రోజులవి. ఒకే ముఠా రెండు పక్షాలకీ తుపాకులమ్మేది. ఉదయం వీళ్ళకి, సాయంత్రం వాళ్ళకి. ఆ సరుకు తోలినవాడు స్తోయన్. అతని తమ్ముడు అతను తోలిన గుండుకే పోయాడు. అప్పుడొచ్చింది బుద్ధి. ముఠా నాయకుణ్ణి ‘గుడ్లగూబ’ అంటారు. మొహం చూసినవాడు లేడు.

“మీ సెగెద్ వాళ్ళు చేపని కారంతోనే చంపుతారయ్యా,” అంటూ స్తోయన్ పులుసు జుర్రాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. “విను. వచ్చే వారం మీ సర్కారు విల్లాలో సంధి మాటలున్నాయి చూడు. పెద్దమనిషిగా ఒక ముసలాయన వస్తున్నాడు, పోర్చుగల్ నుంచి.”

“తవారెస్.”

“ఆయనే. లేపేస్తారు. కవలల చేత.”

“కవలలా? ఎక్కడి వాళ్ళు?”

“మనుషులు కాదురా బాబూ...” అని నవ్వబోయాడు స్తోయన్. నవ్వు రాలేదు, నోట్లోంచి చొంగ కారింది. కళ్ళ నీళ్ళు కారం వల్ల కాదు. చొక్కా చూస్తుండగానే చెమటకి తడిసి ఒంటికంటుకుపోయింది. కంటిపాపలు సూదిమొనలంత అయిపోయాయి.

ఆసుపత్రిలో డాక్టర్ గెరెబెన్ ఒక్క చూపులో పట్టేశాడు. నలభై ఏళ్ళ అనుభవం ఆయనది. ఇలా ఒంట్లో నీళ్ళన్నీ బయటికి తోడేసే విషానికి ఒకటే విరుగుడు: తేమని ఎండగట్టే మందు. నరానికి ఎక్కించాడు, మళ్ళీ ఎక్కించాడు. చొంగ ఆగింది, ఊపిరి సర్దుకుంది. స్తోయన్ లేచి కూచుని నర్సుతో సరసాలాడాడు. గెరెబెన్ చేతులు కడుక్కుని కాఫీకి వెళ్ళాడు.

పొద్దు వాలేసరికి కథ తిరగబడింది. స్తోయన్ ఒళ్ళు పొయ్యి మీద పెనంలా కాలిపోయింది. నాలిక అట్టముక్కలా ఎండి అంగిలికి అతుక్కుంది. కంటిపాపలు ఇంతింతలై కన్నంతా నల్లగా అయిపోయింది. ఒంటి మీద లేని చీమల్ని ఏరి ఏరి నేలకి కొట్టాడు. నలుగురు పట్టుకుంటే ఆగలేదు, మంచానికి కట్టేశారు. పోయిన తమ్ముడితో చాలాసేపు పోట్లాడి, మధ్యలోనే పోయాడు.

బొజ్జకి కట్టిన దిండు విప్పడం కూడా మర్చిపోయి ఆర్పాద్ అక్కడే నిలబడ్డాడు.

* * *

మర్నాడు ఆర్పాద్ పై అధికారి కర్నల్ దార్దయ్ తన గదిలో ఉప్పురొట్టెలు తింటూ మాట్లాడాడు. ఆయనకి ఆకలెప్పుడూ తగ్గదు, ఎవడు చచ్చినా సరే.

“కూచో అబ్బాయ్. తిను. వెన్న ఎక్కువేశారు ఇవాళ.”

“వద్దు సార్.”

“స్తోయన్ పోయాడు, ఉప్పురొట్టె ఏం పాపం చేసింది? సరే. ల్యాబు రిపోర్టొచ్చింది. స్తోయన్ కడుపులోంచి తీసిన దాన్లో ఉన్నది ఒకటే విషం. గెరెబెన్ కనిపెట్టిందే. విరుగుడు చాలక పోయాడట. సంధి రోజున డాక్టర్ పక్కనే ఉంటాడు. ఈసారి రెట్టింపు మందు సిరంజీలో సిద్ధంగా పెట్టుకుంటాడు.”

“స్తోయన్ కవలలన్నాడు సార్. మనుషులు కాదన్నాడు.”

“చావబోయేవాడు ఏదో అన్నాడు. రిపోర్టు మీద సంతకం ఎవరిదో చూశావా?”

చూడక్కర్లేదు. బొద్రోగి జితా. శాఖ ల్యాబుకి పెద్ద. అంతకన్నా పెద్ద సంగతి, గుడ్లగూబ ముఠాలోకి శాఖ పంపిన మనిషి ఆమే. వాళ్ళు తమ రసాయనాల నిపుణురాలనుకుంటారు, వీళ్ళు తమ గూఢచారి అనుకుంటారు. బుడాపెస్ట్ ఆపెరా హాల్లో జనరల్స్ పక్కన పచ్చల లోలాకులతో కూచుంటుంది. మంత్రిగారు ఆమె చేయి ముద్దు పెట్టుకునేటప్పుడు కాస్త ఎక్కువసేపు వంగుతాడు. పోయిన చలికాలం ఆర్పాద్ కూడా వంగాడు. వసంతం వచ్చేసరికి ఆమెకి విసుగొచ్చింది.

“ల్యాబుకోసారి వెళ్ళొస్తాను సార్.”

“వెళ్ళు. పాత గాయం గోక్కోవడానికైతే మాత్రం వద్దు,” అన్నాడు దార్దయ్, ఇంకో రొట్టె అందుకుంటూ.

* * *

జితా తెల్లకోటు కూడా దర్జీ చేత కుట్టించుకున్నదే. నడుము దగ్గర బిగువు తెలుస్తుంది.

“మిరపకాయల షావుకారు! మీసం ఊడిందేం?”

“నువ్వు పీకేసినవి చాలక. ఆ పలక ఒకసారి చూడనీ జితా.”

ఆమె నవ్వి, అరచేతంత అల్యూమినియం రేకు తీసిచ్చింది. దాని మీద సున్నం పూసినట్టు తెల్లటి సిలికా పొర. అడుగున పెన్సిలు గీత. ఆ గీత మీద చుక్క పెట్టి, రేకుని కొంచెం ద్రావకమున్న జాడీలో నిలబెడితే, దీపం వత్తిలో నూనెలా ద్రావకం పొర వెంట పైకి పాకుతుంది. పాకుతూ చుక్కలోని సరుకుని వెంట లాక్కుపోతుంది. పొరకి ఇష్టమైనది కిందే ఆగిపోతుంది, ద్రావకానికి ఇష్టమైనది పైకి పోతుంది. ఒక చుక్కలో ఎన్ని పదార్థాలున్నాయో అన్ని మచ్చలు పడాలి.

ఇక్కడ పడింది ఒకటే. నారింజ రంగు మచ్చ. పోలిక కోసం పక్కనే పెట్టిన అసలు విషం మచ్చ కూడా అదే ఎత్తులో ఉంది.

ఆర్పాద్ దాన్ని వెలుతురుకి పట్టుకున్నాడు. ఈ ఉద్యోగంలోకి రాకముందు అతను నాలుగేళ్ళు ఫార్మసీ చదివాడు. పట్టా రాలేదు కానీ చూపు మిగిలింది. మచ్చ రేకు పైఅంచున ఉంది. ద్రావకం ఎంతదాకా పాకిందో సరిగ్గా అక్కడ.

“ఇంత పైకి పోయిందేం?”

“పోతే?”

“ఏ ద్రావకం వాడావు?”

“క్లోరోఫాం, మిథనాల్.” ఆమె దగ్గరికొచ్చింది. అత్తరు వాసన వచ్చింది. “పరీక్ష తప్పినవాడు పరీక్షలు పెడుతున్నాడా? ఒకటే మచ్చ ఆర్పాద్. ఒకటే విషం. లెక్క తేలిక. నువ్వు బాధపడుతున్నావు, అతను నీ కళ్ళెదుట పోయాడు కదా.” అతని కాలరు సర్దింది. “ముందు నిద్రపో.”

ఆమె ఫోనెత్తడానికి అటు తిరిగింది. ఆర్పాద్ జేబులోని పెన్ను మామూలు పెన్నే, కానీ పాళీ స్థానంలో వెంట్రుకంత గాజుగొట్టం ఉంటుంది. స్తోయన్ పేరు రాసున్న సీసాలో దాన్ని ముంచాడు. అది దోమలా తాగింది. మూత పెట్టి జేబులో వేసుకుని, ఆమె చేయి ముద్దు పెట్టుకుని, బయటపడ్డాడు.

* * *

పట్టా రాకుండా చేసిన మనిషి ఊళ్ళోనే ఉంది. ప్రొఫెసర్ పిరోష్కా. రిటైరైనా, ఇప్పటికీ ఆవిడ వీధిలో నడుస్తుంటే మందుల షాపులవాళ్ళు లేచి నిలబడతారు. తన దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ ఆవిడ పిన్నే. ఆ పిన్ని ఎవరి మీదా జాలిపడగా చూసినవాడు లేడు.

“ఒరేయ్, నువ్వా! పోలీసుల్లో చేరావటగా. వాళ్ళకి పరీక్షలుండవు కాబోలు.”

“పిన్నీ, ఒక మనిషి ప్రాణం...”

“ఏడవకు. చుక్క పెట్టు. చెయ్యి వణక్కూడదు. అప్పుడూ వణికేది నీకు.”

వంటింటి పక్క గదే ఆవిడ ల్యాబు. ఆర్పాద్ జితా చేసినట్టే ముందు ఒక రేకు నడిపాడు. మిథనాల్ దండిగా పోసిన క్లోరోఫాం. ఒకటే మచ్చ, నెత్తి మీద.

“ఏం తెలిసింది?” అంది పిరోష్కా.

“ఒకటే...”

“నీ మొహం. బస్సు చివరి స్టాపుదాకా పోయి ఆగింది. అందరూ అక్కడే దిగుతారు. వాళ్ళంతా ఒకే ఊరివాళ్ళని అర్థమా? ద్రావకానికి బలం ఎక్కువైతే పొర ఎవర్నీ పట్టుకోలేదు. మిథనాల్ తీసెయ్.”

వట్టి క్లోరోఫాంతో నడిపాడు. ఈసారి మచ్చ గీత మీంచి కదల్లేదు. అదీ ఒకటే.

“ఇప్పుడు బస్సే కదల్లేదు. మధ్యస్థంగా కలుపు.”

కలిపాడు. మచ్చ సగం దూరం పోయింది కానీ తోకచుక్కలా సాగి, అలుక్కుపోయింది. ఒకటో రెండో దేవుడికే తెలియాలి.

పిరోష్కా సిగరెట్ వెలిగించబోయి, జాడీల వైపు చూసి ఆగింది. “సిలికాది కొంచెం పులుపు గుణం. ఇలాంటి విషాలది క్షారగుణం. రెండూ కలిస్తే వదులుకోవు, జిడ్డులా అంటుకుంటాయి. అందుకే ఆ తోక. ఇందులో తప్పు విషానిది కాదు, నువ్వు వేసిన పొరది. పొర మార్చు, పలుకుతుంది.”

అరలోంచి ఒక గాజుపలక తీసింది. అల్యూమినా పూత, తన చేత్తో పోసి ఆరబెట్టుకున్నది. “దీనికి ఆ పులుపు లేదు. ద్రావకంలో ఒక్క బొట్టు అమ్మోనియా వెయ్యి. జాడీ లోపల తడి కాగితం చుట్టు, ఆవిరి నిండనీ. తొందరపడితే వంకరగా ఎక్కుతుంది.”

ద్రావకం మెల్లగా పాకింది. పలక తీసి ఆరబెట్టి, మచ్చలకి రంగు తెప్పించే మందు చిమ్మారు. తెల్లటి పొర మీద ముందొకటి, దాని కింద వేలెడు దూరంలో ఇంకొకటి, నారింజ మచ్చలు రెండు తేలాయి. రెండూ గుండ్రంగా, తోక లేకుండా, ఎవరి దారి వారిదన్నట్టు ఉన్నాయి.

ఆర్పాద్ అక్కడితో ఆగలేదు. అమ్మోనియా బొట్టు వేసి సిలికా రేకు మీదా నడిపాడు. అక్కడా రెండే, దూరం కొంచెం తక్కువ, అంతే.

“కవలలు,” అన్నాడు.

పిరోష్కా తన దగ్గరున్న సీసాల్లోంచి చుక్కలు పక్కన పెట్టి పోల్చింది. పై మచ్చ నీళ్ళు తోడేసేది. వెంటనే పనిచేస్తుంది, వెంటనే దిగిపోతుంది. కింది మచ్చ ఎండగట్టేది. నింపాదిగా లేస్తుంది, చాలాసేపు ఉంటుంది. ఒకటి ఇంకోదానికి విరుగుడు.

ఆవిడ కుర్చీలో కూలబడింది. “ఎవడ్రా ఇది కలిపింది? రాక్షసుడు! డాక్టరు చూసేది మొదటిదాన్ని. దానికిచ్చే విరుగుడు రెండోదాని తోబుట్టువే. మొదటిది దిగిపోయేసరికి ఒంట్లో రెండోది రెండింతలై కూచుంటుంది. ఆ లారీవాణ్ణి చంపింది విషం కాదు, గెరెబెన్.”

“మరి ఏ మందూ ఇవ్వకపోతే?”

“కవలలు ఒకరి పీక ఒకరు పిసుక్కుంటారు. మనిషి చావు అంచుదాకా వెళ్ళి వెనక్కి రావచ్చు. కంటిపాప విచ్చుకోవడం మొదలైతే రెండోది లేచినట్టు. రాకపోనూ వచ్చు. నేను పలకలు చదువుతాను, జాతకాలు కాదు.”

* * *

దార్దయ్ గాజుపలకని చాలాసేపు చూశాడు. ఆయన తినకుండా ఉండటం ఆర్పాద్ అప్పుడే మొదటిసారి చూశాడు.

“జితా ద్రావకం తెలిసే ఎంచుకుంది సార్. రెండు మచ్చలూ ఒకే చోట పడేలా. రిపోర్టు తప్పు కాదు, అదే ఆయుధం. సగం విషం గ్లాసులో పోస్తారు, మిగతా సగం మన డాక్టర్ సిరంజీలో పెట్టారు. ఇప్పుడే పట్టుకుందాం.”

“పట్టుకుని? మంత్రిగారికి రెండు చుక్కలు చూపించనా? నవ్వుతాడు. ఆమెని సాయంత్రానికల్లా వదిలేస్తాడు.” దార్దయ్ పలకని బల్ల మీద బోర్లించాడు. “గుడ్లగూబ మొహం తెలిసింది జితా ఒక్కదానికే. సంధి రోజున వాడు ఆ విల్లాలోనే ఉంటాడు, సంధి కుదిరితే వాడి వ్యాపారం మూత, చావు కళ్ళారా చూడందే నమ్మడు. నువ్వు వడ్డనవాడివి. గ్లాసు వస్తుంది.”

“ఆపుతాను.”

“ఆపవు. తీసుకెళ్ళి ముసలాయన ముందు పెడతావు.”

ఆర్పాద్ లేచి నిలబడ్డాడు.

“కూచో. తర్వాత డాక్టర్ని ఆపు. నీ పిన్ని చెప్పిందిగా, మందివ్వకపోతే బతుకుతాడని.”

“బతకొచ్చు అంది!”

“నాకు ఆ మాట చాలు.”

“డాక్టర్‌కైనా ముందే చెప్దాం సార్.”

“ఆయన మొహం అద్దం. జితా చదివేస్తుంది. ఎవరికీ చెప్పొద్దు.” దార్దయ్ ఉప్పురొట్టె అందుకున్నాడు. “మీ అమ్మ నిన్ను మందుల షాపు పెట్టుకోమంది కదూ. వినాల్సింది.”

* * *

విల్లా చుట్టూ ఆప్రికాట్ తోట. రెండు పక్షాల వాళ్ళూ రెండు గుమ్మాల్లోంచి వచ్చి, బల్లకి చెరోవైపు కూచున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తవారెస్ పొట్టి మనిషి. ఉదయమే చెరువు దగ్గర బాతులకి రొట్టె వేస్తూ, వాటితో పోర్చుగీసులో కబుర్లు చెబుతూ ఆర్పాద్‌కి కనిపించాడు. వెనక దుబాసీ కాస్పర్. బక్కపలచని మనిషి, మెత్తని గొంతు. ఒకడు తిడితే రెండోవాడికి దాన్ని మర్యాదగా మార్చి అందిస్తున్నాడు.

ఆర్పాద్ నెరిసిన జుట్టుతో, కుంటుతూ, ముసలి వడ్డనవాడై తిరుగుతున్నాడు. వంటగది పక్క అరలో జితా జాడీలూ పలకలూ పెట్టుకుని కూచుంది. ప్రతి వంటకంలోంచీ ఒక చుక్క తీసి పలక మీద నడిపి, బాగుందంటేనే లోపలికి పోవాలి. ఏర్పాటు దార్దయ్‌దే. మెచ్చుకున్నది మంత్రిగారు.

భోజనం అయింది. ఆప్రికాట్ సారా వంతు వచ్చింది. జితా గ్లాసులు పరీక్షించి ట్రేలో సర్దింది. ఒకదాన్ని మాత్రం చూపుడువేలితో కొంచెం ముందుకి జరిపింది.

“ఇది పెద్దాయనకి, తాతా. అంచు కాస్త పగిలింది మిగతావాటికి,” అంది వేషం కనిపెట్టకుండానే.

“అలాగేనమ్మా.”

ట్రే బరువు లేదు. అయినా వంటగది నుంచి బల్ల దాకా నడవడం ఆర్పాద్‌కి తన జన్మలో అంత కష్టంగా ఎప్పుడూ లేదు. ఆ గ్లాసు తవారెస్ ముందు పెట్టాడు. ముసలాయన తలెత్తి “మీ కాలు నొప్పిగా ఉందా?” అని అడిగాడు. కాస్పర్ తర్జుమా చేశాడు. ఆర్పాద్ ట్రేతో పక్క కుర్చీకి కుంటుకుంటూ జరిగాడు.

“శాంతికి,” అన్నాడు తవారెస్. తాగేశాడు.

ముందు చెమట పట్టింది. తర్వాత చొంగ. కుర్చీలోంచి పక్కకి ఒరిగి తివాచీ మీద పడ్డాడు, కాళ్ళు తన్నుకున్నాయి. గెరెబెన్ సంచీతో పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కనురెప్ప ఎత్తి చూశాడు. సూదిమొన. సిరంజీ తీశాడు. రెట్టింపు మందు.

చొక్కా చెయ్యి పైకి లాగాడు. నరం దొరికింది. సూది చర్మానికి ఆనింది.

“డాక్టర్, ఆపండి.”

గెరెబెన్ తలెత్తాడు. కుంటి వడ్డనవాడి చేతిలో పిస్టలు. దాని నోరు ఆయన నుదుటికి జానెడు దూరంలో ఉంది.

“పిచ్చా నీకు? చచ్చిపోతున్నాడు!”

“సూది తీసెయ్యండి. ఎక్కిస్తే కాల్చేస్తాను.”

“నువ్వు మనిషివేనా?” గెరెబెన్ అరిచాడు. “చూడు, ఊపిరి పోతోంది! నా కళ్ళ ముందు... నన్ను కాల్చు, తర్వాత నీ ఇష్టం...”

“వాడు ముఠా మనిషి! కాల్చేయండి!” జితా గుమ్మంలోంచి అరిచింది.

రెండు పక్షాల అంగరక్షకులూ ఒక్కసారే తుపాకులు తీశారు. ఏడాదిన్నరగా ఒకరినొకరు చంపుకుంటున్న వాళ్ళు, మొదటిసారి అందరూ ఒకవైపే గురిపెట్టారు. ఆర్పాద్ వైపు. కాస్పర్ రెండు భాషల్లోనూ “కాల్చండి” అని మెత్తగా అందిస్తున్నాడు.

“ఎవడైనా పేల్చాడంటే ఇక్కణ్ణించి కదల్లేడు.” దార్దయ్ గొంతు. తోటవైపు కిటికీలన్నిటి దగ్గరా ఆయన మనుషులు నిలబడి ఉన్నారు.

తవారెస్ నీలిరంగుకి తిరిగాడు. నురుగు గెడ్డం మీదుగా కారింది. గొంతులో గురగుర. గెరెబెన్ ఏడుస్తున్నాడు, బాహాటంగా, చిన్నపిల్లాడిలా. ఆర్పాద్ వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. తన దగ్గరున్నవల్లా గాజు మీద రెండు నారింజ మచ్చలు. వాటికోసం ఒక మంచి డాక్టర్ని కాల్చడానికి సిద్ధపడ్డాడు, ఒక మంచి మనిషిని చావనిస్తున్నాడు. పిరోష్కా పిన్ని పలక తప్పు చదివుంటే?

లైటర్ వెలిగించి ముసలాయన కంటి దగ్గర పట్టాడు. సూదిమొన. ఇంకా సూదిమొనే. గురగుర ఆగింది. ఊపిరి కూడా ఆగిందేమోననుకున్నాడు.

అప్పుడు పాప కదిలింది. ఆవగింజంత అయింది. మిరియం గింజంత అయింది.

తవారెస్ పొడవుగా ఊపిరి పీల్చాడు. ఇంకోటి. పెదాలు నాకి, పోర్చుగీసులో ఏదో అన్నాడు. ఈసారి కాస్పర్ తర్జుమా చెయ్యలేదు.

“నీళ్ళడుగుతున్నాడు,” అన్నాడు దార్దయ్. “నోరు ఎండిందన్నమాట. రెండోది లేచింది. ఇవ్వండి పాపం.”

గెరెబెన్ చేతిలో సిరంజీ వైపు చూసుకున్నాడు. స్తోయన్ గుర్తొచ్చి ఉంటాడు. ఆయన మొహం చూడలేక ఆర్పాద్ పిస్టలు దించి తల తిప్పుకున్నాడు.

* * *

జితాని ఆమె పలకల గదిలోకే తీసుకెళ్ళారు. దార్దయ్, ఆర్పాద్, గెరెబెన్, అంతే. ఆమె బెదరలేదు. లోలాకు తీసి, దాన్లో దాచిన చిన్న గాజుబుడ్డి కొరికి మింగేసింది.

“అదే మందు దార్దయ్ గారూ,” అంది చిరునవ్వుతో. “ఇప్పుడు నన్ను ఆసుపత్రికి పంపాలి. చట్టం. మందులు మాత్రం వద్దని చెప్పండి, రేపటికి లేచి కూచుంటాను. మంత్రిగారు పూలు పంపుతారు.”

ఆసుపత్రిలో గుడ్లగూబ మనుషులు కాచుకుని ఉంటారని ముగ్గురికీ అర్థమైంది.

ఆమె నుదుట చెమట మొదలైంది. దార్దయ్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూచున్నాడు.

“డాక్టర్, ఈ విషానికి వైద్యమేమిటో ల్యాబు రిపోర్టొకటి ఉంది కదా. ఎవరిచ్చారు?”

“ఈవిడే.”

“నిపుణురాలు. కాదనడానికి మనమెవరం? రెట్టింపు మందు. అలాగే చెయ్యండి.”

జితా నవ్వు ఆగిపోయింది. చొంగ తుడుచుకుంటూ గెరెబెన్ వైపు చూసింది. ఆయన సిరంజీ బల్ల మీద పెట్టాడు. “నేను డాక్టర్ని,” అని ఒక్క మాటని, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

దార్దయ్ ఆర్పాద్ వైపు తిరిగాడు. “నువ్వు నాలుగేళ్ళు చదివావుగా.”

ఆర్పాద్ సిరంజీ అందుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చలికాలమంతా తనకి తెలిసిన చెయ్యే.

“కాస్పర్!” అంది జితా, పళ్ళు టకటకలాడుతుండగా. “దుబాసీ కాస్పరే! చాలా? వదులు!”

దార్దయ్ కిటికీ తీసి తోటలోకి ఒక మాట విసిరాడు. రెండు వైపులకీ తుపాకులమ్మింది ఎవరో రెండు పక్షాల అంగరక్షకులకీ విడివిడిగా చెప్పమన్నాడు, అంతే. కాస్పర్ కారుదాకా పోలేకపోయాడు. తోటలో కేకలు వినిపించాయి, అన్ని భాషల్లోనూ. తర్వాత ఒకే ఒక్క గొంతు, మెత్తనిది కాదు. తర్వాత అదీ లేదు.

“ప్రాణాలతో పట్టుకుంటారనుకున్నాను,” అన్నాడు ఆర్పాద్.

“బతికుంటే వాడికి చాలామంది స్నేహితులు తేలతారు.”

ఆర్పాద్ సిరంజీ బల్ల మీద పెట్టేశాడు. జితా ఆయాసంలోనే నవ్వింది. “నీ వల్ల కాదని నాకు తెలుసు ఆర్పాద్. నీకెప్పుడూ...”

దార్దయ్ చేతులు రుమాలుతో తుడుచుకుని సిరంజీ తీసుకున్నాడు. స్కూల్లో టీకాలు వేసే మనిషిలా, ద్వేషమేమీ లేకుండా, నరం వెతికి ఎక్కించాడు. మొత్తం. ఆమె సూది వైపు, తర్వాత ఆర్పాద్ వైపు చూసింది. వెంటనే ఒంట్లో బాధ తగ్గింది. చొంగ ఆగింది. ఆమెకి తెలుసు ఆ హాయి ఎంతసేపో.

“ఆపెరాకి టిక్కెట్లున్నాయి ఇవాళ,” అంది, ఎవరితోనూ కాకుండా.

ఆర్పాద్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అక్కణ్ణించి కదిలితే ఏదో ఒకటి చెయ్యాల్సి వచ్చేది. కదల్లేదు. పొద్దు వాలేదాకా ఆమె స్పృహలోనే ఉంది. ఆ తర్వాత గది తలుపు మూసి, బయట ఇద్దర్ని కాపలా పెట్టారు. లేని చీమల్ని ఏరి ఏరి నేలకి కొడుతున్న చప్పుడు గోడకి అవతలిదాకా వినిపించింది.

ఆ గోడకి అవతలే తవారెస్‌ని దిండ్లకి ఆనించి కూచోబెట్టారు. వణికే చేత్తో ముందు ఆయనే సంతకం పెట్టాడు. తర్వాత రెండు పక్షాల వాళ్ళూ, మోచేతుల మీద ఎండి అంటుకుపోయిన కాస్పర్ నెత్తురుతో, వంతులవారీగా పెట్టారు. ఫోటోల్లో అందరూ నవ్వారు. ఆ కాల్పుల విరమణ ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం దాకా నిలబడింది. శాఖలో పందేలు కాసినవాళ్ళలో ఒక్క దార్దయ్ తప్ప అందరూ శనివారమే విరుగుతుందన్నారు.